పద్నాలుగో రివెట్టు

సాగర్ పాత రన్‌వే పక్కన రేకుల షెడ్డు,
పొద్దున తొమ్మిదికే మూకుడు లెక్క కాగుతది.
లోపల ఒక చిన్న విమానం,
ఇగ ఎగరనని ఒప్పుకున్నదాని లెక్క.
చుట్టూ ఏడుగురం.
మెడల కొత్త కార్డులు, చేతుల అద్దం, టార్చి,
చంకల నిబంధనల కట్ట.

శంషుద్దీన్ సాబ్ ఆ కట్ట గుంజుకొని బల్ల మీద పడేసిండు.
"ఇది రాత్రికి చదువుకోండ్రి.
ఇప్పుడు పోయి చేతులు కడుక్కొని రాండ్రి.
జిడ్డు చేతికి పగులు తెలువదు."

ముప్పై ఏండ్లు ఇంజన్ల కింద పండిన మనిషి.
కుడి చెవు వినవడదు,
ఎడమ చెవు వంచి
రెక్క మీద రూపాయి బిళ్లతో కొట్టుకుంట పోతడు.
టణ్. టణ్. టణ్.
ఒక్క కాడ, డప్.
"విన్నరా? లోపల అతుకు ఊడింది.
అంగట్ల కుండ కొన్నోళ్లకు
ఈ పాఠం నేను చెప్పాల్నా?"
నవ్వినం.
నవ్వు ఆగినంక
ఎవరికి వాళ్లం మళ్ల కొట్టి చూసుకున్నం.

రెండో దినం రివెట్లు.
వరుసకు ఇరవై రెండు, ఒక్కొక్కటి గోరుతోని.
జడ్చర్ల పరశురాములు అందరికన్న ముందు లేచిండు.
"అన్నీ బాగనే ఉన్నయి సార్."
"బాగనే అంటే?"
"అంటే... బాగనే."
"ఆ మాట ఏ గడిల రాస్తవు?"
పద్నాలుగోదాని చుట్టూ
కాటుక చెదిరినట్టు సన్నటి నల్ల మరక.
"పొగతాగే రివెట్టు" అన్నడు సాబ్.
"వదులైంది. పైకి పోయినప్పుడల్లా ఇసుమంత కదుల్తది.
కదిలి అరుగుతది, అరిగి మసి కక్కుతది.
అది దాసిపెట్టదు బిడ్డా,
అడిగేటోడే రాడు."

మూడో దినం అలసట పాఠం.
లోహానికొచ్చే అలసట.
ఒక్క పెద్ద దెబ్బతోని రాదట.
రోజూ మోసే మామూలు బరువుకే
కంటికి ఆనని కాడ వెంట్రుక మందాన మొదలై
లోలోపల నడుస్తదట.
పైన రంగు నున్నగ మెరుస్తనే ఉంటదట.

నేను రాసుకునుడు ఆపిన.

మాది మర్రిగూడ దిక్కు.
మా నాయనమ్మ నడుము నేను పుట్టకముందే వంగింది.
మొగులు చూడాల్నంటే
గోడకు ఆని, పక్కకు తిరిగి, ఒక్క కన్ను ఎత్తాలె.
బోరింగు నీళ్లు అద్దం లెక్క ఉండేటియి.
ఏడాదికొక్కసారి జీపు వచ్చేది.
సీసల పట్టి, ఎండకు ఎత్తి చూసి,
రిజిస్టర్ల దస్కతు చేసి,
ఎంట తెచ్చుకున్న నీళ్లే తాగి పోయేటోళ్లు.
నాయనమ్మ మచ్చల పండ్లు కనవడేటట్టు నవ్వేది.
"మన నీళ్లు మంచియేనట పిల్లా,
కాయిదం చెప్పింది."

ఈ ముచ్చట క్లాసుల చెప్పలే.
చెప్తే ఏ అధ్యాయం కింద రాసుకుంటరు?

ఆఖరి దినం పరీక్ష.
షెడ్డు బయట ఎగరనీకి తయారున్న విమానం.
యజమాని తరఫున ఒకాయన, ఇస్త్రీ చొక్కా,
పెన్ను మూత తీసి మరీ అందిచ్చిండు.
"అన్నీ చూసినయే మేడం. పాత సంతకాలు ఉన్నయి కదా.
పిల్లలు పొద్దుగాల్నించి ఎదురుచూస్తున్నరు."
నిజమే. నీడపట్టున ముగ్గురు,
విమానం నేర్సుకునే పిల్లలు, తెల్లచొక్కాలు.
ఒకడు అరటిపండు తింటున్నడు.

లాగ్‌బుక్కు తిప్పిన.
నెలనెలా అదే సంతకం, అదే వాలు, అదే సిరా.
ఒక్కనాడు చెయ్యి వణకలే,
ఒక్కనాడు జొరం రాలే,
ఒక్కనాడు ఇంటికాడ కొట్లాట కాలే.
ఏ మనిషి రాస్తడు ఏడాది పొడుగు ఇంత సక్కగ?

పెన్ను పక్కన పెట్టిన.
చేతులు కడుక్కొని వచ్చి
నేల మీద పండుకొని రెక్క కిందికి జరిగిన.
కాంక్రీటు వీపును కాల్చింది.
ఎంతసేపంటే,
అరటితొక్కకు చీమలు బారు కట్టేంత.

ఆ ఇస్త్రీ చొక్కాయన
మా క్యాంటీన్ల లెక్కలు రాసే భిక్షమయ్య అని
పొద్దుగూకినంక తెలిసింది.
ఆ సంతకాలన్నీ ఒక్కరాత్రిల
సాబ్ కూసొని చేసినయే.
పిల్లలు మాత్రం నిజం పిల్లలే.

సాబ్ ఏం దొరికిందని అడగలే.
"ఎన్ని చూసినవు?" అన్నడు, ఎడమ చెవు వంచి.
"ఇరవై రెండు సార్.
పద్నాలుగోది రెండుసార్లు."